గజనిమ్మ మీది గాటు

గొడ్డలి నరకనీకి కాదు బిడ్డా, బెదిరియ్యనీకి. మొదాల అది తెలుసుకో, తర్వాత ఆ గాటు సంగతి అడుగు. పొద్దుగాల నువ్వు గజనిమ్మ చెట్టు కాడ నిలవడి, మొద్దు మీద చెయ్యి పెట్టి, "అమ్మమ్మా, దీన్ని ఎవరో నరకనీకి సూసిండ్రు" అన్నవ్ సూడు, నేను ఇనవడనట్టు లోపలికొచ్చిన. ఎవరో కాదు. మనింటోళ్ళే. మా వదినె. మీ తాత అక్క, యాదమ్మ. మీరంత యాదవ్వ యాదవ్వ అని ఎనకెనక తిరుగుతుంటిరి గదా, ఆమెనే. ఆమె చేతి గాటు అది. కాని ఏసింది ఆమె గాదు. ఉండు, చెప్త.

ఫోన్ల రికార్డింగు పెట్టినవా? ఎర్ర సుక్క వచ్చింది. అది ఉన్నంతసేపు వింటున్నట్టేనా? సరే. జర దగ్గరికి జరుపు, నాకు గట్టిగ మాట్లాడ శాతగాదు. మొన్న ఆమె సంవత్సరీకానికి వచ్చినోళ్ళందరితోని మాట్లాడి మాట్లాడి గొంతు పోయింది.

ఈ ఇల్లు మా మామ కట్టిండు. గూనపెంకల ఇల్లు. అప్పుడు నాచారం అంటె ఊరే. కంపెనీలు అప్పుడప్పుడే లేస్తున్నయ్. నేను లగ్గమై వచ్చింది ఏ ఏడో నాకు తెల్వదు, సదువుకున్నదాన్నా నేను. మీ అమ్మ పుట్టకముందు. కాదు కాదు, మీ శ్రీను మామ పుట్టకముందు, మీ అమ్మ వాని తర్వాత గదా. గప్పుడు అంబర్‌పేట్ బజార్ల మల్లెపూలు మూర చారాణ. మా అత్త కొననియ్యకపోతుండె. "ఇంట్ల చెట్టు పెట్టుకొని బజార్ల పూలకు పోతరానె, సిగ్గులేదా" అని తిడుతుండె.

అత్త పెట్టినయి నాలుగు. తానం చేసె బండ కాడ గోరింట. వాకిట్ల గుండుమల్లె. గోడెంబడి నాటు చిక్కుడు, కాయకు ఎర్ర అంచు ఉంటది సూడు, అది. బాయి కాడ గజనిమ్మ. బాయి ఇప్పుడు లేదు, పూడ్సినం. నాలుగు చెట్లు మాత్రం ఉన్నయి. సుట్టూత ఐదంతస్తులు లేసినయ్. మనింట్ల ఎండ పదకొండింటికి వచ్చి రెండు కొట్టకముందె పోతది. పొద్దుమూకితె మందుల కంపెనీ వాసన, కండ్లు మండుతయ్. అయిన ఉన్నయి. మా అత్త పాయె, మామ పాయె, మీ తాత పాయె, వదినె పాయె. ఇవి ఉన్నయి. వాటిని సూస్తె నాకు సంబురం అయితదనుకున్నవా? పొద్దున లేసి తలుపు తెరవబుద్ధి గాదు.

ఆఁ, గొడ్డలి. అదే చెప్తున్న.

గజనిమ్మ గింజ మా అత్త తల్లిగారింటి కాన్నుంచి తెచ్చింది, భువనగిరి దిక్కు. కాయ ఇంత ఉంటది, నా రెండు పిడికిళ్ళంత. తోలు మందం. పచ్చడి తొక్కు పెడితె మూడేండ్లు ఉంటది, నల్లగ అయినకొద్ది రుచి. కాని గింజ పెట్టిన చెట్టు బిరాన కాయదు. ఏడేండ్లు ఒక్క పిందె లేదు. ముండ్లే ముండ్లు. అప్పుడు మా అత్త "దీనికి భయం పెట్టాలె" అన్నది.

భయం పెట్టుడు అంటె ఏందంటె, ఉగాది ముంగటి అమాస నాడు, ఇంట్ల ఎవ్వరు మొఖం కడగకముందు, ఒకరు గొడ్డలి పట్టుకొని చెట్టు కాడికి పోతరు. "ఏందే, ఇన్నేండ్ల సంది నీళ్ళు తాగబట్టినవ్, ఒక్క కాయ ఇయ్యకపోతివి, ఇయ్యాల నిన్ను నరుకుత" అని గొడ్డలి ఎత్తుతరు. అప్పుడు ఇంకొకరు ఉరికొచ్చి చెట్టును పట్టుకోవాలె. "వద్దు, ఈ ఒక్కపారి ఇడిసిపెట్టు, వచ్చే ఏడు కాస్తది, నాది పూచి" అనాలె. గిట్ల మూడుపార్లు. మూడోపారికి గొడ్డలి దించి, చెట్టు మొదట్ల బియ్యం కడిగిన నీళ్ళు పోస్తరు. అంతె. నవ్వకు బిడ్డా. మరుసటేడే కాసింది. పదకొండు కాయలు. మా అత్త ఇంటింటికి తిరిగి సూపెట్టింది.

దీంట్ల ఒక కట్టుబాటు ఉన్నది. అడ్డం వచ్చెటోళ్ళను పేరు పెట్టి పిలువొద్దు. అటు సూడనన్న సూడొద్దు. వాళ్ళంతట వాళ్ళే ఉరికి రావాలె. ఎవ్వరు రాకుంటె ఎత్తిన గొడ్డలి ఉత్తగ దించొద్దు, ఒక్క దెబ్బ ఎయ్యాలె. లేకుంటె చెట్టుకు తెలుస్తదట, వీళ్ళవి ఉత్త మాటలే అని.

మొదట్ల గొడ్డలి అత్తది, పూచి వదినెది. అత్త పోయినంక గొడ్డలి వదినెకు వచ్చింది, పూచి నాకు వచ్చింది. చెట్టు కాసినా కాయకున్నా మేం ఏడాదికొక్కపారి చేస్తుంటిమి. నలభై ఏండ్లు అనుకో, ఎక్కువనే ఉంటయ్. ఒకపారి నాకు మెలకువ రాలే. వదినె గొడ్డలి ఎత్తి నిలవడ్డది, నన్ను పిలువొద్దాయె. ఇగ చెట్టుకే చెప్తున్నది గట్టిగ: "ఓ చెట్టా, నా రెక్క గుంజుతుందే! ఈ ఇంట్ల కొందరు ఇంక పండుకున్నరే! వాళ్ళ గురక నాకు ఈడికి ఇనవడుతుందే!" మీ తాత మంచం మీదనే పడి పడి నవ్వుడు. నేను కొంగు గుంజుకుంట ఉరికిన. "వద్దు వదినే, నాది పూచి, నాది పూచి" అని. ఆనాడు మూడుపార్లు కాదు, ఐదుపార్లు అన్న. ఆమె గొడ్డలి దించి, "నీ పూచి నమ్ముకుంటె చెట్టు సన్నాసులల్ల కలుస్తది" అన్నది.

గట్లనే మాట్లాడుతది. ఆమె నోరు నీకు తెలుసు గదా.

ఆమె కథ ఏం చెప్పాలె. మొగడు ఇంకొకదాన్ని తెచ్చుకున్నడు. ఒక్క రేకుపెట్టె పట్టుకొని తల్లిగారింటికి వచ్చింది, మల్ల పోలే. సీసాలు కడిగే కంపెనీల పనిచేసింది, చేతులు ఎప్పటికి నాని తెల్లగ ఉంటుండె. వచ్చినంక ఆ తెల్లటి చేతులతోటే మన్ను పిసుకుడు. చెట్లన్ని ఆమెయే. అంటె, అత్త ఇచ్చిపోయిందని కాదు, ఆమెనే తీసుకున్నది. నేను గోరింటాకు తెంపాలన్న అడగాలె. పూలు పొద్దుగూకినంక తెంపొద్దు, చిక్కుడు కింది కొమ్మయి ముట్టొద్దు, ఒకటా రెండా. ఇంటి కోడల్ని నేను, దొడ్లె మాత్రం సుట్టాన్ని.

మీ అమ్మను సూడనీకి మీ నాయినోళ్ళు వచ్చిన్రు సూడు, ఆనాటి ముచ్చట మీ అమ్మ చెప్పిందా? చెప్పదులే, సిగ్గు. ఇంట్ల కూరగాయ లేదు. నేను గోడ కాడికి పోయి చిక్కుడుకాయ తెంపిన. మంచిగ ముదిరి నిండుగున్నయి, గింజ పెద్దగున్నది. వండిన. మీ నాయినమ్మ రెండుపార్లు ఏయించుకున్నది. గప్పుడు వదినె వచ్చి గిన్నెల సూసింది. అవి విత్తనానికి ఇడిసిన కాయలట. కొమ్మకు ఎర్ర దారం కట్టిందట, నేను సూడలే. నిజంగ సూడలే. అందరి ముంగట, వియ్యాలోరి ముంగట, "విత్తనం వండిపెట్టినవ్ గదనే బాలీ! రేపు ఏం నాటుతవ్, నీ పుస్తెలా?" అన్నది. వాళ్ళు నవ్విన్రు. మీ తాత సుత నవ్విండు. నేను నవ్వలే. ఆమె మల్ల పెంకుల కింద ఎక్కడో దాసిన పాత గింజలు ఎతికి నాటింది, తీగ బతికింది. చిక్కుడు పోలే బిడ్డా. నా మనసుల మాట సుత పోలే. ఎన్నేండ్లు, నువ్వు పుట్టి ఇంత పెద్దగైనవ్. నేను మాత్రం ఆ ఒక్క మాట పట్టుకొనే ఉన్న.

ఇగ పోయినేడు ఎండలు. నువ్వు పీర్జాదిగూడల ఉన్నవ్, మీ అపార్ట్‌మెంట్ల ట్యాంకర్ వస్తది పోస్తది, నీకు తెల్వదు. మన పాత బోరు ఎండింది. నల్లా వస్తె వచ్చినట్టు, లేకుంటె లేదు. ట్యాంకర్ లోపలికి రాదు, గల్లీ మూల మీదనే ఆగుతది. అక్కడికాన్నుంచి బిందెలు. మా కోడలు సుజాత మోసి మోసి భుజం వాపు. నా మోకాళ్ళు ఇగ చెప్పొద్దు. వదినె మాత్రం గిన్నెలు కడిగిన నీళ్ళు, బట్టలు జాడిచ్చిన నీళ్ళు, అన్ని పట్టి గజనిమ్మకు పోసుడు. సుజాతకు మండింది. "మనుషులకు లేవు గని చెట్లకా" అన్నది. ఆ పిల్ల తప్పు కూడ ఏముంది.

అప్పుడు శ్రీను నీళ్ళు సూసెటాయనను పట్టుకొచ్చిండు. ఆయన అరచేతుల కొబ్బరికాయ అడ్డం పండవెట్టి దొడ్డంత తిరిగిండు. తిరిగి తిరిగి గజనిమ్మ మొదటికి పోయెటాలకు కొబ్బరికాయ లేసి నిట్టనిలువు నిలవడ్డది. నేను సూసిన, నా కండ్లతోని. బాయి ఉన్న జాగ గదా, నీళ్ళు ఉండవా మరి. "ఈడనే ఎయ్యాలె, చెట్టు తీస్తెనే బోరు లారీ లోపలికొస్తది" అన్నడాయన.

వదినె అరుగు మీద కూసొని వింటున్నది. అరుస్తది, మన్ను పోస్తది అనుకున్నం. "ఆ చెట్టుకు పూచి పడ్డోళ్ళు ఉన్నరు. వాళ్ళనడుగు పో" అన్నది శ్రీనుతోని. అని లేసి పోయింది.

పూచి పడ్డది నేను గదా. వాడు లోపలికొచ్చి, "అమ్మా, నువ్వేమంటవే" అన్నడు. "నీళ్ళు ముఖ్యం కొడుకా" అన్న. ఎందుకనొద్దు? ముఖ్యమే గదా. ఇప్పటికి అదే అంట. కాని ఆ మాట పోయి వదినెకు చెప్పాలె. చెప్పలే. ఆమె అడగలే, నేను చెప్పలే. మూడు దినాలు ఒక్క పొయ్యి మీదనే వండుకున్నం, తిన్నం. ఆమె మనసుల ఏమున్నదంటె, బాలి ఎట్లన్న అడ్డం వస్తది అని. ఎన్నడు రాకుండ ఉన్నది గనక?

నాలుగోనాడు పొద్దున ఇద్దరు పనోళ్ళు వచ్చిన్రు. ఒకని చేతుల గొడ్డలి, ఒకని చేతుల రంపం. లారీ పదింటికి వస్తదన్నరు. వదినె లోపల్నుంచి వచ్చింది. మొఖం కడగలే. అమాస నాడు ఎట్ల వస్తుండెనో గట్లనే, జుట్టు ముడేసుకొని, కొంగు నడుముకు చెక్కి. నాకు అప్పుడే తెలిసింది ఏం చెయ్యబోతుందో. పనాయన దగ్గరికి పోయి, "ఇటియ్యి నాయినా. చెట్టు మా ఇంటిది, మొదటి దెబ్బ మాదే" అన్నది.

వాడు నవ్విండు. "అవ్వా, నీకన్న గొడ్డలి బరువున్నది" అన్నడు.

"నీ వయసుల నిన్ను గూడ ఎత్తుతుంటిరా, ఇటియ్యి" అన్నది. ఇచ్చిండు.

ఎత్తింది. "ఏందే, ఇన్నేండ్ల సంది నీళ్ళు తాగబట్టినవ్..." అని మొదలువెట్టింది. కాయని చెట్టుకు అనే మాటలు అవి. ఆ చెట్టు కాస్తనే ఉన్నది, అయిన అవే మాటలు. పనోళ్ళకు ఏం తెలుసు, ముసల్దానికి మతి తప్పింది అనుకున్నరు. శ్రీనుకు తెలుసు. వాడు చిన్నప్పటి సంది సూసిండు. మొఖం అటు తిప్పుకున్నడు. నేను వంటింటి గడప మీద నిలవడ్డ. చేతుల బియ్యం కడిగే గిన్నె ఉన్నది. పది అడుగులు గూడ లేదు బిడ్డా. నేను పోయి చెట్టు పట్టుకొని, నాది పూచి అంటె, శ్రీను తల్లి మాట కాదని నరికిస్తడా? నరికియ్యడు. అది ఆమెకు తెలుసు. అందుకే గొడ్డలి తనే పట్టుకున్నది.

ఒకపారి అన్నది. నేను కదలలే.

రెండోపారి అన్నది. గొడ్డలి బరువు ఎనకకు గుంజుతుంది, డెబ్బై ఆరేండ్ల మనిషి. నా దిక్కు సూడలే. కట్టుబాటు గదా.

మూడోపారి అన్నది. అని, జర ఆగి, "ఓ చెట్టా, నా రెక్క గుంజుతుందే" అన్నది. "ఈ ఇంట్ల కొందరు..." అన్నది. అంతె.

నేనెందుకు పోలే అంటవా. కొడుక్కు మాటిచ్చిన అనుకో. నీళ్ళు అనుకో. అవి గూడ నిజమే. కాని నీకు అబద్ధం ఎందుకు చెప్పాలె, ఈ ఎర్ర సుక్క ముంగట. నాకు ఆ పొద్దు చిక్కుడుకాయ కూర యాదికొచ్చింది. ఒక్కపారి, ఒక్కపారి ఆమె మాట చెల్లొద్దనుకున్న. నేను లేకుంటె ఈ దొడ్లె ఏం నడవదని ఆమెకు తెలవాలె అనుకున్న. గింత మాట. గింత మాట కోసం కాళ్ళు బిగవట్టుకొని నిలవడ్డ.

ఆమె గొడ్డలి ఉత్తగ దించలే. ఒక్క దెబ్బ ఏసింది. నువ్వు చెయ్యి పెట్టినవే, గదే. ఆ రెక్కల గంత బలం ఎక్కడిదో, బొట్టబొట్ట పాలు కారినట్టు నీరు కారింది. నిమ్మ వాసన ఇల్లంత లేసింది. గొడ్డలి గోడకు నిలవెట్టి, "ఇగ కానియ్యిండ్రి" అని పనోళ్ళతోని చెప్పి, నా పక్కనుంచే లోపలికి పోయింది. నా మొఖం సూడలే. "బియ్యం నీళ్ళు పారబొయ్యకు" అన్నది అంతె.

తర్వాత ఏమైందో వింటవా? లారీ రాలే. వచ్చింది, గల్లీ మూలకు వచ్చింది. ఒకదిక్కు కరెంటు తీగలు, ఒకదిక్కు కొత్త అపార్ట్‌మెంటోళ్ళు రోడ్డు మీదికి కట్టిన మెట్లు. ముంగటికి రాదు, ఎనకకు పోదు. శ్రీను ఫోన్ల ఒర్రుడు, వాళ్ళు ఒర్రుడు, గల్లీల బండ్లన్ని ఆగి హారన్లు. పగటాల్లకు తిరిగి పోయింది. లారీ రాకుంటె చెట్టు తీసి ఏం లాభమని పనోళ్ళు గూడ పోయిన్రు. పది దినాలకు వానలు పడ్డయి, పాత బోరుల నీళ్ళు వచ్చినయి. చెట్టు మాట మల్ల ఎవ్వరు ఎత్తలే. సూసినవా. నా పూచితోని గాదు, ఏ దేవునితోని గాదు, ఎవరో రోడ్డు మీదికి కట్టిన మెట్లతోని బతికింది చెట్టు.

ఇప్పుడు సూడు ఎట్ల కాసిందో. ఇన్నేండ్లల్ల ఎన్నడు గిట్ల కాయలే. కొమ్మలు నేలకు తాకినయి. పక్క బిల్డింగోళ్ళు పైనుంచి "అవ్వా, రెండు కాయలియ్యవా" అంటరు, తెంపుకొండ్రి అంట. నేను తొక్కు పెట్టలే. నోట్లె పెట్టుకోబుద్ధి గాదు. చిక్కుడు నేను నాటలే, రాలిన గింజనే మొలిసి గోడెక్కింది. మల్లె పూస్తనే ఉన్నది. ఎవరి కోసం పూస్తున్నయ్ అవి? నీళ్ళు బందు వెడదాం, సావనీ అని ఒక నెల పొయ్యలే. సావలే.

ఈ ఏడు అమాస నాడు మెలకువ వచ్చింది. గొడ్డలి ఇప్పుడు నాది గదా. దించుకొని చెట్టు కాడికి పోయిన. నిలవడ్డ. ఎత్తలే. ఎత్తితె, ఎవ్వరు రాకుంటె, ఎయ్యాలె.

ఏమన్నవ్?

"నేనొస్త అమ్మమ్మా. వచ్చే ఉగాది అమాసకు నేనొచ్చి అడ్డం నిలవడ్త."

నువ్వెందుకు బిడ్డా. పీర్జాదిగూడ కాన్నుంచి మొఖం కడగకుండ బస్సెక్కి వస్తవా? వద్దు. కొమ్మ కావాలంటె తీసుకపో, కుండీల పెట్టుకో. పూచి మాత్రం పడకు. పడితె ఉండాలె. నేను పడి ఉండలే.

ఇంకేం లేదు చెప్పనీకి. ఆనాడు పొద్దుమూకెటాలకు ఆమె చెట్టు కాడ కూసున్నది. ఎర్రమన్ను పసుపు కలిపి గాటుల నింపి, పాత చీర పేలిక సుట్టుతుంది. నేను చెంబుల నీళ్ళు తీసుకపోయిన. పక్కన పెట్టిన. "వదినే, లారీ పోయింది" అన్న. "ఊఁ" అన్నది. ఇగ ఆగక, "వద్దు వదినే, ఈ ఒక్కపారి ఇడిసిపెట్టు, నాది పూచి" అన్న. మెల్లగ అన్న, చెట్టుకన్నట్టు.

ఆమె పేలిక ముడేస్తనే, "ఇప్పుడెందుకే బాలీ. గొడ్డలి దిగినంక అన్నది చెట్టుకు ఇనవడదు" అన్నది. కోపంగ అనలే. కోపంగ అన్నా బాగుండు.

నేను చెంబు తీసుకొని లేస్తుంటె మల్ల పిలిసింది. "చిక్కుడు విత్తనం దూలానికి కట్టిన. ఎర్ర దారం ఉన్నది. వండకు" అన్నది.

పరాచికానికి అన్నదో, నిజానికి అన్నదో. నవ్వితె అయిపోతుండె. నాకు మండింది. "ఇంక అదే పట్టుకొని ఉన్నవా" అని ఒక్కటే అరిసి లోపలికి వచ్చిన. బువ్వకు పిలువలే. సుజాత గిన్నెల పెట్టి ఇచ్చినట్టుంది, తిన్నదో లేదో అడగలే. తలుపు దగ్గరికేసి పండుకున్న.

పండుకున్నది పండుకున్నట్టే, తెల్లారెటాలకు మా వదినె లేదు.